పసుపు గుడ్డల బుట్ట

పోయిన ఎండాకాలం మా తమ్ముడు బోధన్‌లో పాత కొట్టం విప్పించాడు. పశువులు లేని కొట్టం ఎందుకు, రేకులు వేసి బండ్లు పెట్టుకుంటానని ఫోన్ చేస్తే సరేనన్నాను. నాలుగు రోజులకు నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చి, సంచిలోంచి మూత ఉన్న ఒక వెదురు బుట్ట తీసి నా ముందు పెట్టాడు. "దూలం మీద దొరికిందక్కా. అవ్వది గావొచ్చు. పారేద్దామంటె చెయ్యి రాలె," అన్నాడు. మా ఇంట్లో అమ్మను అవ్వ అనేవాళ్ళం, నాన్నను బాపు అనేవాళ్ళం. అవ్వ పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. బుట్టను చూడగానే నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. తమ్ముడి ముందు మూత తీయలేదు. డెబ్భై దగ్గర పడుతున్న ముసలిదానివి, నీకింకా సిగ్గేమిటే అని నన్ను నేను తిట్టుకున్నాను కానీ తీయలేదు.

వాడు వెళ్ళాక తీసింది మా మనవరాలు చిన్ని. అది తొమ్మిదో తరగతి. అంతకు ముందు రోజే అన్నాల దగ్గర కూర్చుని సైన్సు పుస్తకం ముందు పెట్టుకుని, మనిషి ఎలా పుడతాడో గడగడా అప్పజెప్పింది. మా అబ్బాయి కంచంలో తల దూర్చేశాడు, కోడలు పప్పు గిన్నె కోసం వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. నేనొక్కదాన్నే చివరిదాకా విన్నాను. అలాంటి పిల్ల బుట్టలో చెయ్యి పెట్టి, మడతలు పెట్టిన పాత చీర ముక్కలు పైకి తీసి, "ఏంటివి నానమ్మా?" అని అడిగింది. "పసుపు ఉడకబెట్టే కాగు తుడిచే గుడ్డలు," అన్నాను. యాభై ఏళ్ళ కిందటి అబద్ధం. నోటి చివర కూర్చుని ఎదురు చూస్తున్నట్టు వచ్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ అబద్ధం ఎక్కడ మొదలైందో రాసి పెడదామని మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను.

మా ఇల్లు బోధన్ ఊరి చివర, చెరకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీకి పోయే బాట మీద. చలికాలం మొదలైందంటే రాత్రీ పగలూ బండ్ల మోతే. గాలి మళ్ళితే చెరకు మడ్డి వాసన ఇంట్లోకి వచ్చేది, తియ్యగా, కుళ్ళినట్టుగా. బయటి ఊరి చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకు ఆ వాసన లేకపోతే అన్నం సయించేది కాదు. ఫ్యాక్టరీ కూతతోనే అవ్వ లేచేది, కూతతోనే బాపు నాగలి కట్టేవాడు, నేను బడికి పోయేదీ ఆ కూతతోనే. చెరకు కాక మాకు అరెకరం పసుపు ఉండేది. దాన్ని ఉడకబెట్టే రోజుల్లో ఇల్లంతా పచ్చన. గోడలు, గిన్నెలు, అవ్వ గోళ్ళు, బాపు ధోవతి, చివరికి మేక గడ్డం కూడా.

ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరకును గానుగ ఆడించి బెల్లం వండేవాళ్ళు. పెద్ద పెనంలో పాకం కుతకుతలాడుతుంటే పిల్లలం చెరకు పిప్పి ముక్క ముంచి నాకేవాళ్ళం. నోరు కాలేది, అయినా వదిలేవాళ్ళం కాదు. బాపు దూరం నుంచి కేకేసేవాడు. "ఏయ్ గంగూ! కాకమీది పాకం నాకకే. వేడి జేస్తది, నెత్తురు వడ్తది!" నా పేరు గంగామణి. బాపుకు గంగూని. ఏడాదికి వంద సార్లు వినే మాట, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేదాన్ని.

ఏడో తరగతి చదువుతుండగా ఒక రోజు మధ్యాహ్నం పీకలదాకా పాకం నాకాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి లంగాకు నెత్తురు. నాకు మరో ఆలోచనే రాలేదు. బాపు చెప్పినట్టే అయింది, వేడి చేసింది, నా పని అయిపోయింది అనుకున్నాను. చెప్తే తిడతారు, చెప్పకపోతే చస్తాను. రెండింటిలో చావే మేలనిపించింది, ఎందుకంటే బాపు తిట్టు మొదలుపెడితే వీధి వీధంతా వినిపించేది. కొట్టంలోకి పోయి, దూలం మీది బుట్టలో పసుపు కాగు తుడిచే గుడ్డలుంటే రెండు తీసుకున్నాను. నాలుగైదు రోజుల్లో తగ్గిపోయింది. అమ్మయ్య, బతికాను, ఇక ఒట్టు, పాకం ముట్టను అనుకున్నాను. నిజంగానే ముట్టలేదు. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చింది! వానాకాలంలో, గానుగ కడిగి, పెనం బోర్లించిన తర్వాత కూడా వచ్చింది. చిన్నప్పటి నుంచీ తిన్న పాకమంతా ఒంట్లో జమ అయి ఉందని, అది దిగేదాకా తప్పదని నాకు నేనే చెప్పుకున్నాను. చల్ల తాగాను, సబ్జాలు నానేసుకుని మింగాను. అవ్వ చూసి, "ఏందే, గింత చల్ల తాగుతున్నవ్?" అంది కానీ కుండ దాచలేదు.

ఈ కాలం వాళ్ళకు నవ్వొస్తుంది. పల్లెటూరి పిల్ల, బర్రెలు ఈనడం కళ్ళారా చూసిన పిల్ల, ఇంత మొద్దా అంటారు. మొద్దునే. పశువుల సంగతి పశువులదే, మనుషుల సంగతి వేరే అనుకునేదాన్ని. అవ్వ నెలకు మూడు రోజులు దేవుని అర్ర వైపు పోయేది కాదు. ఎందుకవ్వా అంటే కాకి ముట్టిందనేది. ఆ కాకి ఎప్పుడొచ్చిందో, ఎక్కడ వాలిందో అని నేను పెరట్లో నిలబడి చూసేదాన్ని. నన్ను ఏ కాకీ ముట్టలేదు, కాబట్టి అవ్వది వేరు, నాది వేరు. ఇక పెద్దమనిషి కావడం అంటే నాకు తెలిసింది చాప. మా వీధిలో ఒక్కో పిల్లను ఒక్కో రోజు మూలన చాప మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఎండు కొబ్బరి కుడుకలు, బెల్లం, నువ్వులు పెట్టేవాళ్ళు, పసుపు పూసేవాళ్ళు, ఆడవాళ్ళు పాటలు పాడేవాళ్ళు, మాలాంటి వాళ్ళను బయటికి తరిమేవాళ్ళు. చేను పండిందని పెద్దవాళ్ళు చూసి చెప్పినట్టే, ఈ పిల్ల పెద్దదయిందని కూడా వాళ్ళే చూసి చెప్తారని నా నమ్మకం. దానికీ నెత్తురుకూ సంబంధం ఉందని నాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

నాకు ఒక సంగతి మాత్రం బాగా తెలుసు. చాప మీద కూర్చున్న పిల్ల పదకొండు రోజులు బడికి రాదు. వచ్చినా ఓణీ వేసుకుని వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, కొన్నాళ్ళకు మాయమవుతుంది. నా విషయంలో అయితే ఆ కొన్నాళ్ళు కూడా లేవు. మాక్లూర్‌లో ఉన్న మా మేనత్త కొడుక్కు నన్నిస్తానని బాపు ఎప్పుడో మాటిచ్చేశాడు. పిల్ల పెద్దమనిషి కాగానే లగ్గం, బడి బంద్. మేనత్త వచ్చినప్పుడల్లా పెళ్ళి పందిరి ఎక్కడ వేయాలో, మనవడికి ఏ పేరు పెట్టాలో మాట్లాడేది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట," అని అవ్వ వంటింట్లో గొణిగేది. నాకు చదువంటే పిచ్చి. ముఖ్యంగా లెక్కలు, సైన్సు. పదో తరగతి పాసయితే టీచరు ట్రైనింగుకు పోవచ్చని బళ్ళో విన్నాను. అందుకే చాప తలుచుకుంటే భయం, చాప రాకపోతే అదొక భయం.

ఎందుకంటే రోజులు గడుస్తున్న కొద్దీ నా తోటివాళ్ళంతా అయిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. అందరికంటే ఎక్కువ గోల అవ్వదే. బావి దగ్గర, పిండి గిర్ని దగ్గర, ఎవరు కనిపిస్తే వాళ్ళ ముందు నుదురు కొట్టుకునేది. "నా పిల్లకు ఇంక గాలె తల్లీ! ఏం పాపం జేసిన్నో!" అని. నా తల కొట్టేసినట్టు ఉండేది. హకీం దగ్గర మందు తెచ్చానని రోజూ పొద్దున చెంచాడు పొడి నోట్లో పోసేది. చేదు. మెంతి పొడిలాగే ఉండేది. లింబాద్రి గుట్టకు మొక్కుకుంటానని చాటింపు వేసినట్టు వీధంతా చెప్పి, బస్సులో భీమ్‌గల్ తీసుకుపోయింది. ఆ రోజు నాకు సరిగ్గా ఆ 'వేడి' ఉంది. గుట్ట కింద మెట్ల దగ్గరే అవ్వ కూలబడి, "నా మోకాళ్ళు నొస్తున్నయే. ఈడికెల్లే దండం పెట్టు, దేవునికి కండ్లు లేవా," అంది. నేను కళ్ళు మూసుకుని, స్వామీ, నన్ను తొందరగా పెద్దమనిషిని చెయ్యి, కానీ పదో తరగతి పరీక్షలయ్యాక చెయ్యి అని మొక్కుకున్నాను. ఏం మొక్కు అది! నాకే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా మేనత్త ఒకసారి నన్ను కింది నుంచి మీది దాకా చూసి, నేను వినేట్టే అడిగింది. "గీ పిల్ల ఆడిదేనా వదినా? ఏమన్న తేడా ఉన్నదా? ఉంటె జెప్పు, దాయకు." అవ్వ చీపురు కింద పడేసింది. కానీ కాదని అనలేదు. "నాకేం ఎర్కనే, దేవునికే ఎర్క," అని ముక్కు చీదింది. కన్నతల్లి! నేను కొట్టంలోకి పోయి కూర్చున్నాను. అద్దం తెచ్చుకుని మొహం చూసుకున్నాను. మీసం వస్తుందేమోనని పై పెదవి తడిమి చూసుకున్నాను. నేను ఆడదాన్నా, మగవాడినా, ఇంకేమన్నానా? ఎవరు చెప్పాలి, ఎలా తేల్చాలి?

మా అంగట్లో ఎల్లిగడ్డలు అమ్మే రాజక్క ఉండేది. పుట్టినప్పుడు రాజయ్య అని పేరు పెట్టారట. చీర కట్టి, కొప్పు ముడిచి, నలుగురితో నవ్వుతూ తూకం వేసేది. వెనక నుంచి కొందరు వెకిలిగా మాట్లాడినా ఎల్లిగడ్డలు మాత్రం ఆమె దగ్గరే కొనేవాళ్ళు. ఆ వారం అంగడికి నన్ను పంపితే, జనం పలచబడేదాకా ఆగి, ఆమె ముందు కూర్చుని అడిగేశాను. "రాజక్కా, నువ్వు ఆడిదానివని నీకెవలు జెప్పిండ్రు?" ఆమె తక్కెడ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఎవలు జెప్పలే బిడ్డా. చెప్పినోళ్ళందరు తప్పే జెప్పిండ్రు. నాకే ఎర్క," అంది. మరి నాకెందుకు తెలియడం లేదు అని అడగాలనుకున్నాను, నోరు రాలేదు. ఆమె కొసరుగా ఇంకో గడ్డ సంచిలో వేసింది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే నమిలాను. అప్పుడు ఎంత అర్థమైందో ఇప్పటికీ అంతే అర్థమైంది.

ఆ ఏడే కరుణమ్మ టీచర్ మాకు సైన్సు చెప్పింది. నిజామాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, మెథడిస్టు కుటుంబం, తల్లి ఆస్పత్రిలో నర్సు. ఇస్త్రీ చేసిన తెల్ల చీర, చేతికి గడియారం. ఒకనాడు తలా ఒక మందార పువ్వు తెమ్మని, బ్లేడుతో నిలువునా కోయించి, ఇది మగ భాగం, ఇది ఆడ భాగం అని చూపించింది. నేను లేచి, "టీచర్, మరి చెరుకుకు ఆడ మగ ఉంటదా? మేము ముక్కలు గొట్టి పెడ్తం, కన్నుల కాడికెల్లి మొలుస్తది. పువ్వుతోని పనేం లేదు గదా?" అన్నాను. టీచర్ సంబరపడిపోయింది. చెరకు కూడా పూస్తుందని, కానీ మనం దానికోసం ఆగమని, మొక్కల్లో రెండు దారులూ ఉంటాయని చెప్పింది. ముందు బెంచీలో పిల్ల ఒకతె, "మరి మనుషులల్ల ఏ దారి టీచర్?" అంది. గది మొత్తం చెవులయింది. టీచర్ పుస్తకం తిరగేసి, గడియారం చూసుకుని, "తర్వాతి రెండు పేజీలు ఇంట్ల చదువుకోండ్రి. పరీక్షల రావు," అంది. "ఇంట్ల ఎవల్ని అడగాలె టీచర్?" అని ఇంకెవరో అన్నారు. అంతలో గంట కొట్టారు.

ఆ రెండు పేజీలు నేను కొట్టంలో కూర్చుని చదివాను. కొమ్ములున్న బర్రె తలకాయలాంటి బొమ్మ ఒకటి వేసి గర్భాశయం అని రాశారు. ఋతుచక్రం అని ఒక మాట. తెలుగు వాచకంలో ఋతువులు ఆరని చదివాను, అవి మనిషి ఒంట్లోకి ఎలా దూరాయో తెలియలేదు. కానీ కింద ఇరవై ఎనిమిది రోజులు అని ఒక లెక్క ఉంది. లెక్కలు నాకు వచ్చు. దూలం మీద నేను బొగ్గుతో గీసుకున్న గీతలు ఉన్నాయి, వేడి ఎప్పుడు దిగుతుందోనని గీసుకున్నవి. నిలబడి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

మర్నాడు బడి విడిచాక సైన్సు గదిలో టీచర్ ఒక్కతే ఉన్నప్పుడు పోయాను. "టీచర్, పెద్దమనిషి గావుడంటె ఏంది?" అన్నాను. ఆమె సీసాలు సర్దుతూ ఆగిపోయింది. తలుపు దగ్గరికి వేసి, కూర్చోమని, తడుముకుంటూ, మధ్యలో ఆగుతూ, మొత్తం చెప్పింది. నెత్తురు అనే మాట వచ్చేసరికి నేను ఏడ్వడం మొదలుపెట్టాను. "నీకు మొదలైందా?" అని అడిగింది. అయిందన్నాను. "ఎప్పటి సంది?" ఏడో తరగతి నుంచి అన్నాను. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "రెండేండ్లు! మీ అవ్వకు చెప్పలేదా? చావొస్తదని భయపడుకుంట ఒక్కదానివే ఉన్నవా?" పాకం సంగతి చెప్పాను. నవ్వలేదు, మహాతల్లి. మేనత్త సంగతి, లగ్గం సంగతి, మాక్లూర్ సంగతి కూడా చెప్పేశాను. "కరవమంటె కప్పకు కోపం, విడవమంటె పాముకు కోపం. చెప్పమంటె నీ బడి బందయితది. చెప్పకుమంటె పిల్లకు అబద్ధం నేర్పినదాన్నయిత. నాకే సమజ్ గాదు గంగామణీ," అంది టీచర్. టీచర్లకు కూడా సమజ్ కాని సంగతులు ఉంటాయని నాకు ఆ రోజు తెలిసింది.

వారం తర్వాత ఆమె క్లాసులోకి వచ్చి, కిటికీలు తెరిపించి, వదిలేసిన ఆ రెండు పేజీలు పాఠం చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా మా వైపు తిరగలేదు. బోర్డుకు చెప్పింది, సుద్దముక్కకు చెప్పింది, మెడ వెనక చెమట కారుతుండగా గడగడా చెప్పింది. చివర్లో మాత్రం తిరిగి, "ఇది రోగం గాదు, పాపం గాదు. మీలో ఎవలన్న అట్ల అనుకుంటున్నట్లయితె ఇయ్యాల్టి నుంచి బంద్ జేయండ్రి," అంది. నావైపు చూడలేదు. ఎవరూ నవ్వలేదు. నేను టీచరునయ్యాక ముప్పై ఏళ్ళ పాటు ఆ పాఠం చెప్పాను. పిల్లల మొహాల్లోకి చూస్తూ చెప్పడం నాకూ నాలుగో ఏడుకు గానీ చేతకాలేదు.

తెలిశాక నా బతుకు ఇంకా కష్టమైంది. ముందు తెలియని భయం, ఇప్పుడు తెలిసిన అబద్ధం. అవ్వ మెంతి పొడి నోట్లో పోస్తుంటే కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని. నాకోసం తల్లి ఇంత తిరుగుతుంటే మోసం చేస్తున్నానని కుమిలిపోయాను. ఒకసారి మేనత్త పెరట్లోకి వచ్చి, దండెం మీద ఆరుతున్న గుడ్డ పట్టుకుని, "ఇదేంది వదినా, ఎర్రగ మరకలున్నయ్?" అంది. పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అవ్వ, "పసుపు గుడ్డలకు సవుడు తగుల్తె ఎర్రగ గాకపోతె నల్లగైతయా? మీ మాక్లూర్ల పసుపు బట్టలు ఉతకరా?" అని గయ్యిమంది. నిజమే, పసుపు మరకకు బట్టలుతికే సవుడు మన్ను తగిలితే ఎర్రబడుతుంది. మేనత్త గుడ్డ వదిలేసింది. పసుపే నన్ను కాపాడిందని ఆ పూట మనసులో దాని కొమ్ముకు దండం పెట్టుకున్నాను.

చివరికి మేనత్త తన కొడుక్కు వేరే పిల్లను చూసుకుంది. పంచాయతీ పెట్టలేదు, కేకలు వేయలేదు. లోపం ఉన్న పిల్లను మేమెట్ల చేసుకుంటామని ఒక్క మాటతో తేల్చింది. బాపు రెండు రోజులు అన్నం తినలేదు. తనకు మాటంటే ప్రాణం, చెల్లెలంటే ప్రాణం. మూడో రోజు నేను గట్టు మీద చదువుకుంటుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. చెరకు గడ ఒకటి విరిచి, కణుపులు చెక్కి, మెత్తటి నడిమి ముక్క నా చేతిలో పెట్టాడు. "గంగూ, లోకం ఏమన్న అననియ్యి. నువ్వెట్లున్నా నా బిడ్డవే. ఆడిదానివైనా, కాకపోయినా. సదువుకో, ఎంతదనుక సదువుతవో సదువుకో," అన్నాడు. బాపూ, నాకు ఏ లోపం లేదే అని అరవాలనిపించింది. అరిస్తే బడి పోతుంది. నోట్లో చెరకు ముక్క పెట్టుకుని నమిలాను. ఆ ఒక్క సంగతికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మొన్న చిన్నికి ఇదంతా చెప్పేశాను. గుడ్డల గురించి అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. అది నోరు తెరిచి విని, మంచం మీద బోలెడు ప్రశ్నలు కుప్ప పోసి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, బుట్ట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో గుడ్డ విప్పి చూస్తూ, "నానమ్మా, వీటికి అంచులు కుట్టి ఉన్నాయి," అంది. ఉంటాయిలే అన్నాను. "కాగు తుడిచే గుడ్డలకు అంచులెందుకు కుడతారు? అన్నీ ఒకే కొలత. నాలుగు మడతలు వేసి నడిమిలో కూడా కుట్టారు చూడు," అంది. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. సన్న టాకా కుట్లు, వంకర లేకుండా, దగ్గర దగ్గరగా. అవ్వ తప్ప మా ఇంట్లో సూది పట్టినవాళ్ళు లేరు. మూడేళ్ళు ఆ బుట్టలోంచి తీసుకున్నాను, ఒక్కసారి కూడా అది ఖాళీ కాలేదు. పాత గుడ్డలకు మా ఇంట్లో కొదవేముంది అనుకున్నాను గానీ ఎందుకు తరగవని అనుకోలేదు. దూలం మీద నేను గీసిన బొగ్గు గీతలు కూడా మూడేళ్ళూ అలాగే ఉన్నాయి. ఏటా దీపావళికి కొట్టమంతా సున్నం వేసే మనిషి ఆ ఒక్క దూలాన్ని వదిలేసింది.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీద కోపమో తెలియక ఆ పూటంతా చిన్ని మీద చిరచిరలాడాను. నా చదువు కోసం ఊరంతా నుదురు కొట్టుకుని తిరిగావు, కూతురు ఆడదో కాదో నాకు ఎరుక లేదని ఆడబిడ్డ మొహం మీద అబద్ధమాడావు, కట్టుకున్న మొగుణ్ణి రెండు రోజులు పస్తు ఉంచావు. అంతా సరే అవ్వా. మరి నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది? చచ్చిపోతానేమోనని నేను రెండేళ్ళు గోడ వైపు తిరిగి పడుకున్నాను కదా, పక్కనే నువ్వూ పడుకున్నావు కదా? చెప్తే నా మొహం దాచదని భయపడ్డావా, చెప్పడానికి మాటలే లేవా, లేక నీకూ ఎవరూ చెప్పలేదా? చిన్ని పుస్తకంలో బొమ్మలున్నాయి, రంగులున్నాయి, ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఆ పుస్తకంలో లేదు.

పదో తరగతి ఆఖరి పరీక్ష రాసిన మధ్యాహ్నం మాత్రం కళ్ళ ముందు అలాగే ఉంది. ఫ్యాక్టరీ కూత అయిపోయింది, నేను అట్ట, పెన్ను పట్టుకుని ఇంటికి వచ్చాను. అవ్వ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట, తల వంచుకుని చెప్పాను. "అవ్వా, నేను పెద్దమనిషినైన."

చేట ఆగింది. ఇన్నేళ్ళు మొక్కులు మొక్కిన తల్లి ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఎప్పుడు అయిందని అడగలేదు. ఎలా అయిందని అడగలేదు. నా బట్టల వైపు చూడనే లేదు. నా చేతిలోని అట్ట వైపు చూసింది.

"పరీక్షలన్ని అయిపోయినయా?" అంది.

"అయిపోయినయ్."

"ఒక్కటి గూడ మిగల్లే గదా?"

"లేదవ్వా. ఇయ్యాల్నే ఆఖరిది."

అవ్వ చేట పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, లేచి వీధిలోకి పోయింది. నా పిల్ల పెద్దమనిషైందని నాలుగిండ్లకు వినబడేట్టు కేకేసి చెప్పింది. తర్వాత లోపలికి వచ్చి, మూలన చాప పరిచింది.